సి-బుక్కు లేని చేతక్‌కు ఎంత పెట్టవచ్చు?

ప్రశ్న: మాది నరసాపురం. బట్టల కొట్టులో గుమాస్తాను, జీతం 22 వేలు. మా నాన్నగారు నడిపిన బండి లాంటిదే ఒక పాత బజాజ్ చేతక్ స్కూటరు సఖినేటిపల్లి దగ్గర ఒక రైతు కొబ్బరి పాకలో కనబడింది. 1984 మోడలట. 18 వేలకు మాట్లాడుకుని, 12 వేలు ఇచ్చి, పంటు మీద గోదావరి దాటించి ఇంటికి తెచ్చుకున్నాను. సి-బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకం (ఆర్‌సీ), లేదు. 96 తుపానులో తడిసి పోయిందన్నారు. నంబరు ప్లేటు పాతకాలపు మూడక్షరాలది. కాగితాలన్నీ నా పేరున తెచ్చిస్తానని ఒక ఏజెంటు 25 వేలు అడుగుతున్నాడు. ఇంజను పని, టింకరింగు, ఎర్ర రంగు అన్నీ కలిపి మెకానిక్ 35 వేలు చెప్పాడు. పోస్టాఫీసులో నెలకు 2,000 చొప్పున 20 నెలలుగా ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కడుతున్నాను. అది తీసెయ్యాలా, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాలా? జూన్‌లో అమ్మాయి ఇంటర్ ఫీజు ఉంది. వింటేజ్ బండిగా రిజిస్టర్ చేయిస్తే ధర పెరుగుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: మిగిలిన 6 వేలు ఇంకా ఇవ్వలేదు కదా, ఇవ్వకండి. రైతుగారిని ఇబ్బంది పెట్టాలని కాదు, ఈ వ్యవహారంలో మీకు మిగిలిన పట్టు అదొక్కటే. ఆయన సంతకాలు చేయాల్సిన రోజు, మీ వెంట కార్యాలయానికి రావాల్సిన రోజు ముందుంది. ఆరోజు ఆయనను పాక దగ్గర నుంచి కదిలించేది ఆ 6 వేలే. ఇచ్చిన 12 వేలకు మాత్రం ఇప్పుడే రసీదు రాయించుకోండి. బండి నంబరు, చాసిస్ నంబరు (బండి చట్రం మీద కొట్టిన నంబరు), తేదీ, ఇద్దరు సాక్షుల పేర్లు రాసి, రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించి, ఆయన ఆధార్ నకలు జతచేసుకోండి.

మన డెల్టాలో కాగితం పోయిందంటే చెప్పే కారణాలు రెండే. 86 వరద, లేదా 96 తుపాను. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగినప్పుడూ, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరి చెట్లు నేలకొరిగినప్పుడూ ఇళ్లకు ఇళ్లే పోయాయి కాబట్టి ఎవరి మాటనూ అబద్ధమనలేం. అయితే సి-బుక్కు తడిసిపోయినా, ఆ బండి వివరాలు ఎక్కించిన రిజిస్టరు రవాణా శాఖ దగ్గర ఉండాలి. మీకు కావలసింది ఆ రిజిస్టరులో యజమానిగా రాసి ఉన్న పేరు. అది రైతుగారి పేరేనా? ఆయన ఎవరి దగ్గరో కొని, బదిలీ చేయించుకోకుండానే ఏళ్ల తరబడి నడిపి ఉండవచ్చు. ఆ ముందు వ్యక్తి కూడా అదే పని చేసి ఉండవచ్చు. పాత స్కూటర్ల విషయంలో ఇది మామూలే.

ఈ ఆదివారమే చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఖర్చు కూడా లేదు. ఇంజను మీది రేకు మూత విప్పి, చాసిస్ నంబరు ఉన్న చోటు వెతకండి. నలభై ఏళ్ల రంగు, ఉప్పుగాలి తుప్పు, చమురు మడ్డి పేరుకుని ఉంటాయి. ఉప్పుకాగితం పెట్టి రుద్దకండి, అంకెలు అరిగిపోతాయి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో మెల్లగా తుడవండి. ఆరాక పలచని తెల్లకాగితాన్ని నాలుగువైపులా టేపు వేసి అతికించి, మెత్తని పెన్సిల్‌ను పడుకోబెట్టి తేలిగ్గా గీయండి. అంకెలు తెల్లగా, చుట్టూ నలుపుగా అచ్చు దిగుతుంది. ఇంజను నంబరుకూ ఇలాగే చేయండి. అంకెల వరస వంకరగా ఉన్నా, ఒకటి రెండు అంకెలు మిగతా వాటికంటే లోతుగా పడినా, చుట్టూ లోహం అరగదీసినట్టు నునుపుగా ఉన్నా అక్కడితో ఆగండి. అలాంటి బండికి నేను ఒక్క రూపాయి కూడా పెట్టమనను.

పాతికేళ్ల కిందట నేను కూడా ఒక పాత మోపెడ్ కొని, ఒక ఏజెంటు చేతికి డబ్బిచ్చాను. రెండు వారాల్లో తళతళలాడే సి-బుక్కు వచ్చింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్, అంటే బండ్లు తనిఖీ చేసే రవాణా శాఖ అధికారి, అచ్చు తీసి చూస్తే బండి మీది 3, పుస్తకంలో 8. పుస్తకం నిజమైనదే, అది పుట్టింది వేరే బండికి. ఏజెంటు ఫోను ఆ సాయంత్రం నుంచి పలకలేదు. అందుకే మీ 25 వేల మాట వినగానే నాకు అనుమానం వచ్చింది. యజమాని సంతకం లేకుండా, మిమ్మల్ని కార్యాలయానికి రమ్మనకుండా కాగితాలు తెచ్చిస్తానంటే, చచ్చిన ఏదో బండి సి-బుక్కు తెచ్చి దాని నంబరు మీ బండి మీద కొట్టించే దారే అతనికి మిగిలి ఉంటుంది. అప్పుడు మీరు బండి యజమాని నుంచి ఫోర్జరీ కేసులో ముద్దాయిగా మారతారు. ఫారాలు నింపి వరసలో నిలబడే పనికి ఏజెంటుకు కొంత ఇవ్వడంలో నాకు అభ్యంతరం లేదు. ‘అన్నీ నేను చూసుకుంటాను’ అనే వాడితోనే నా పేచీ.

అచ్చు సరిగ్గా ఉంటే తర్వాతి పని రిజిస్టరు. ప్రస్తుత మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. మూడక్షరాల నంబర్లు అంతకు ముందువి, ఆ అక్షరాలలోనే జిల్లా గుర్తు ఉంటుంది. తర్వాత తూర్పు గోదావరికి ఏపీ 5, పశ్చిమకు ఏపీ 37 వచ్చాయి. సఖినేటిపల్లి ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉంది కానీ 1984లో తూర్పు గోదావరి, జిల్లా కేంద్రం కాకినాడ. ప్లేటు పశ్చిమదైతే అప్పటి కేంద్రం ఏలూరు. కాబట్టి అమలాపురంలోనో భీమవరంలోనో నంబరు చెప్పగానే వివరాలు వచ్చేస్తాయనుకోకండి. ఎం-పరివాహన్ యాప్‌లో ముందు కొట్టి చూడండి. అక్కడ కనబడకపోతే రికార్డు లేదని కాదు, కంప్యూటర్‌లోకి ఎక్కని పాత పుస్తకాలు చాలా ఉంటాయి. రవాణా కార్యాలయంలో బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే రిజిస్టరులో ఆ బండి వివరాల నకలు, కోసం అర్జీ పెట్టండి. దాంతోపాటు, జాతీయ నేర రికార్డుల బ్యూరో వెబ్‌సైటులో ఆ నంబర్లు దొంగతనం కేసులలో ఉన్నాయేమో చూసుకోండి. ప్లేటు పుదుచ్చేరిదైతే, అంటే యానాం బండి అయితే, అక్కడి నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం కూడా కావాలి.

పేరు దొరికాక మార్గం చెడ్డదేమీ కాదు. యజమాని బతికి ఉంటే, సి-బుక్కు పోయిందని పోలీసు స్టేషన్‌లో ఆయన చేత రాయించి, ఫారం 26 మీద నకలు కోరించాలి. తర్వాత బదిలీకి 29, 30 ఫారాలు, గడువు తీరిన రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఫారం 25. యజమాని కాలం చేసి ఉంటే వారసుల పేరున ఫారం 31. మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగిలిన వారసుల అంగీకారం కావాలి. ముగ్గురు అన్నదమ్ములలో ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు దుబాయ్‌లో ఉంటే ఇదే అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకుంటుంది.

‘మాకేం సంబంధం’ అని వాళ్లు మొండికేస్తే కోప్పడకుండా ఒక విషయం చెప్పండి. బండి చేతులు మారినా రిజిస్టరులో పేరు మారనంత వరకు, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత రిజిస్టరులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండిని వదిలించుకోవడం మీకంటే వాళ్లకే ఎక్కువ అవసరం. ఈ మాటతో సంతకాలు కదలడం నేను రెండు మూడు సార్లు చూశాను.

ఇక ఏ రికార్డులోనూ నంబరు దొరకకపోతే? బండి చేతిలో ఉంది కాబట్టి కొత్తగా నా పేరున రాయండంటే మన దేశంలో కుదరదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు డీలరు ఇచ్చే అమ్మకపు పత్రం అడుగుతారు. నలభై ఏళ్ల బండికి దాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? వింటేజ్ దారి తెరుచుకుంటుందని మీకెవరో చెప్పారు కానీ, 2021లో వచ్చిన ఆ నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండిన బండ్లకే వర్తిస్తాయి. మీ చేతక్‌కు 2034 దాకా ఆ అర్హత లేదు. నిండినా, ఇక్కడ రిజిస్టరైన బండికి పాత ఆర్‌సీ జతచేయమంటారు. మళ్లీ మొదటికే వచ్చాం చూశారా! పైగా కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రుసుము. అంత కట్టాక కూడా మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ మరమ్మతుకూ తప్ప. మీరేమో నాన్నగారిలా సంచీ ముందు పెట్టుకుని సంతకు వెళ్లాలనుకుంటున్నారు. ఆ వింటేజ్ మాట మర్చిపోండి.

ఇప్పుడు లెక్క. ఇందులో మీ ఏజెంటు గానీ మెకానిక్ గానీ చెప్పని ఖర్చు ఒకటుంది. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత అయిదేసి ఏళ్లకు పునరుద్ధరణ. మీ బండికి మొదటి గడువు 1999లోనే తీరింది. ఇరవై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనానికి పునరుద్ధరణ రుసుమును 2025 ఆగస్టులో 2,000 చేశారు. అది భరించవచ్చు. ఆలస్యానికి మాత్రం నెలకు 300 అదనం. ఏడాదికి 3,600, పదేళ్లకు 36 వేలు. మీరు మాట్లాడుకున్న బండి ధరకు అది సరిగ్గా రెట్టింపు! మధ్యలో ఎప్పుడైనా పునరుద్ధరించారా, ఆలస్యాన్ని ఏ తేదీ నుంచి కడతారు అన్న దాని మీదే మీ ఖర్చంతా ఆధారపడి ఉంది. ఎక్స్‌ట్రాక్ట్ చేతికి రాగానే, పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్‌తో సహా ఆ అంకెను కార్యాలయంలోనే వేయించుకోండి. కాగితాల మొత్తం ఖర్చు 18 వేలు దాటుతుందంటే వెనక్కి తగ్గమంటాను. బండి ధరను మించి కాగితానికి పెట్టడం నాన్నగారి మీద ప్రేమతో చేసినా తప్పు లెక్కే. అప్పుడు రసీదు పట్టుకుని రైతుగారి దగ్గరికి వెళ్లి, బండి వెనక్కిచ్చి 12 వేలు అడగండి. పది వేలు వచ్చినా తీసుకుని రండి.

ఈలోగా సందు చివరి దాకానే కదా అని నడపకండి. బీమా లేని బండి నడిపితే చట్టం ప్రకారం మొదటిసారి 2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. నా భయం జరిమానా గురించి కాదు. ఎదురుగా వచ్చే సైకిలు మనిషికి కాలు విరిగితే పరిహారం మొత్తం మీ జేబులోంచే పోవాలి, దానికి పరిమితి లేదు. 75 సీసీ దాటి 150 సీసీ లోపు ఉన్న బండికి థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి) బీమా ప్రీమియం జీఎస్టీ కాకుండా 714 రూపాయలే. రిజిస్ట్రేషన్ సరిగా లేకపోతే ఆ చిన్న పాలసీ కూడా మీకు అక్కరకు రాదు.

ఆర్‌డీ సంగతి. పోస్టాఫీసు అయిదేళ్ల ఆర్‌డీని మూడేళ్లు నిండకుండా మూసేయనివ్వరు, కాబట్టి ఆ ప్రశ్నకు మీ బదులు పోస్టాఫీసే జవాబు చెప్పింది. 12 వాయిదాలు దాటాయి కనుక జమలో సగం వరకు, అంటే సుమారు 20 వేలు, అప్పుగా తీసుకోవచ్చు. ఆర్‌డీ వడ్డీ మీద 2 శాతం ఎక్కువ పడుతుంది. 6.7 రేటుకు 8.7 అవుతుంది. ఆ వెసులుబాటును జూన్ ఫీజు కోసం అట్టే పెట్టండి. గాజుల జోలికి వెళ్లకండి. మీ ఆవిడను అడిగారో లేదో ఉత్తరంలో రాయలేదు!

మెకానిక్‌కు ఇప్పుడు అడ్వాన్సు ఇవ్వవద్దు. కాగితాలు కదిలాక, తనిఖీకి కావలసిన మేరకు బ్రేకులు, దీపాలు, హారను, టైర్లు, పొగ మాత్రం సరిచేయించి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించండి. మిగిలిన పని నెలకు మూడు వేల చొప్పున జీతంలోంచే, ఏడాది పట్టినా సరే. ఆ ఎర్ర రంగు మాత్రం ఆపించండి. రిజిస్టరులో బండి రంగు కూడా రాసి ఉంటుంది. ఇంజను మూత లోపలివైపు, సీటు కింద గోరుతో గీకితే కంపెనీ వేసిన అసలు రంగు బయటపడుతుంది. అది రిజిస్టరులో ఉన్న రంగుతో కలిసిందో లేదో చూసుకుని, అప్పుడు డబ్బా కొనండి.