నీ నవ్వు నీ దగ్గరే మొదలవ్వాలి

అమ్మడూ,

టీనేజ్ పిల్లల మీద వచ్చిన చిన్న బడ్జెట్ కామెడీల గురించి వరసగా రాయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది.

మామూలు జాగ్రత్తలు నీకు తెలుసు. సినిమా చివరిదాకా చూడు, ఫోన్ దూరంగా పెట్టు, పేర్లు సరిచూసుకో.

నా దిగులు వేరే. పోయిన సెలవుల్లో మనం ‘నెపోలియన్ డైనమైట్’ చూశాం కదా. స్నేహితుడు పెడ్రో స్కూలు ఎన్నికలో గెలవాలని నెపోలియన్ ఒక్కడూ స్టేజి ఎక్కి డాన్స్ చేస్తుంటే నువ్వు దిండు వాటేసుకుని కదలకుండా కూర్చున్నావు. నవ్వొస్తోందో, వాడి పరువు పోతుందని భయమేస్తోందో నీ మొహం చూసి చెప్పలేకపోయాను. తీరా నువ్వు రాసి పంపిన దాంట్లో ఆ డాన్స్ ఊసే లేదు! ‘కథ లేదు, అంతా వెకిలితనం’ అట. అవి నీ ఫ్రెండ్స్ మాటలని రెండో లైనుకే తెలిసిపోయింది. నచ్చకపోతే తిట్టు, నాకేం బాధ లేదు. కానీ నీకు కలిగింది దాచేసి వాళ్ళకి కలిగింది రాస్తే ఎలా? నలుగురిలో వెర్రిదానిలా కనబడతానని జంకావు. నీ వయసులో ఆ జంకు నాకు తెలియనిదా, పిచ్చితల్లీ.

ఆ సినిమా లెక్కలకే లొంగలేదు తెలుసా! 2006లో నెట్‌ఫ్లిక్స్ ఒక పోటీ పెట్టింది. ఎవరికి ఏ సినిమా ఎంత నచ్చుతుందో తమకంటే 10 శాతం మెరుగ్గా ఊహించినవాళ్ళకి 10 లక్షల డాలర్లు. పోటీదారులను బాగా తిప్పలు పెట్టిన సినిమాల్లో ఇదొకటి. మిగతా అభిరుచులన్నీ కలిసినవాళ్ళు కూడా దీని దగ్గర విడిపోయేవాళ్ళు, ఒకరు నెత్తిన పెట్టుకుంటే ఇంకొకరు ఛీ కొట్టేవాళ్ళు. అందుకే సినిమా అవగానే, రేటింగులు చూడకముందే, ఎక్కడ నవ్వావో ఎక్కడ ఇబ్బందిపడ్డావో కాగితం మీద పెట్టు.

‘రష్‌మోర్’ (1998) చూసినప్పుడు నాకు నవ్వుకంటే కోపమే ఎక్కువొచ్చింది. క్లబ్బులు, నాటకాలు అంటూ తిరిగి చదువులో చతికిలబడే అందులోని మాక్స్ లాంటి కుర్రాడు మా క్లాసులో ఉండేవాడు. వాడి ధీమా చూసి కుళ్ళుకునేవాణ్ణి. అదే రాశాను. ‘ఇది నీ గొడవ, సినిమాది కాదు’ అన్నాడు మా ఎడిటర్. అయినా కొట్టెయ్యలేదు. ఉత్తరాలన్నీ ఆ పేరా గురించే వచ్చాయి.

‘ఎయిత్ గ్రేడ్’ (2018) మాత్రం చివరికి ఉంచుకో. ఎవరూ చూడని సలహాల వీడియోలు చేసుకునే ఆ పిల్ల, నీకు ఇంకా బాగా దగ్గర. నన్ను పాతకాలపు మనిషి అనుకున్నా సరే, ఒంటరిగా రాత్రిపూట చూడకు.

మొదటిది రాయగానే పంపు. అక్షర దోషాలు దిద్దుతాను, అభిప్రాయం జోలికి రాను. ‘రష్‌మోర్’ని తిడితే మాత్రం ఫోన్ చేస్తాను.

మావయ్య