28 అడుగుల ట్రావెల్ ట్రైలర్‌కి హాఫ్ టన్ ట్రక్కు చాలుతుందా, పెద్ద గ్యాస్ ట్రక్కుకి వెళ్ళాలా?

మీరు అడిగింది ఇదీ: డాలస్ పక్కన ఉంటారు, ఇద్దరు పిల్లలు, ఎండాకాలం మీ అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు వస్తుంటారు. 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్ చూసుకున్నారు, బ్రోషర్‌లో ఖాళీ బరువు 6,200 పౌండ్లు. మీ హాఫ్ టన్ ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుందని సేల్స్‌మన్ అంటున్నాడు. అయినా మీకు అనుమానంగా ఉంది. త్రీ క్వార్టర్ టన్‌కి వెళ్తే గ్యాస్ ఇంజన్ సరిపోతుందా, డీజిల్ తీసుకోవాలా అన్నది రెండో ప్రశ్న. (ఇండియాలో చదివేవాళ్ళకి: గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోలే, సిలిండర్ కాదు. హాఫ్ టన్, త్రీ క్వార్టర్ టన్ అన్నవి పికప్ ట్రక్కుల తరగతుల పేర్లు, రెండోది పెద్దది. ట్రావెల్ ట్రైలర్ అంటే ట్రక్కు వెనక తగిలించుకుని వెళ్ళే చక్రాల ఇల్లు.)

మీ అనుమానమే కరెక్ట్. నేను సరిగ్గా ఇదే లెక్క తప్పి, దారి మధ్యలో నేర్చుకున్నాను.

సేల్స్‌మన్ చెప్పే 11,000 అబద్ధం కాదు, కానీ అది మీ ఇంటి లెక్క కాదు. ఆ అంకె వచ్చే పరీక్షలో ట్రక్కులో ఉండేది ఒక్కొక్కరు 150 పౌండ్లున్న ఇద్దరు మనుషులు. వెనక సీట్లో పిల్లలుండరు, వెనక సామాను పెట్టే బెడ్‌లో జనరేటరుండదు, బియ్యం బస్తా అసలుండదు. మనకి ముందు అయిపోయేది లాగే శక్తి కాదు, మోసే శక్తి. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను అన్నీ కలిపి ఇన్ని పౌండ్లకి మించకూడదని అందులో రాసి ఉంటుంది. అది ఆ మోడల్‌కి సంబంధించిన అంకె కాదు, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన ఆ ఒక్క ట్రక్కుది. సన్‌రూఫ్, లెదర్ సీట్లు, పవర్ మెట్లు ఎక్కువైనకొద్దీ అది తగ్గుతుంది.

మా పాత హాఫ్ టన్ స్టిక్కర్ మీద 1,480 ఉండేది. కంపెనీ పేరు అనవసరం, ఆ తరగతిలో బాగా ఆప్షన్లున్న ఏ ట్రక్కుకైనా ఇంచుమించు ఇదే వరస. ఇప్పుడు లెక్క చూడండి. నేను 180, మా ఆవిడ 140, పిల్లలిద్దరూ 95, 70, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ 140. అక్కడికే 625. బెడ్‌లో జనరేటర్, ఐస్ పెట్టె, మంచినీళ్ళు, పనిముట్లు కలిపి 200. ట్రైలర్ బరువుని చక్రాలన్నిటి మీదికీ పంచే కొక్కెం, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, దానంతట అదే 95. ఇక ట్రైలర్ ముక్కు ట్రక్కు మీద పెట్టే బరువు, టంగ్ వెయిట్, మాకు 950. మొత్తం 1,870.

ఈ టంగ్ వెయిట్ దగ్గరే అందరూ బోల్తా పడతారు. ట్రావెల్ ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద ఉండాలి. తగ్గిస్తే ట్రైలర్ తోక ఊపుతుంది, కాబట్టి సామాను వెనక్కి జరిపి బరువు తప్పించుకుందామంటే కుదరదు. పైగా లెక్క వేయాల్సింది బ్రోషర్‌లోని ఖాళీ బరువు మీద కాదు. అందులో బ్యాటరీ, ప్రొపేన్ చాలాసార్లు కలిపి ఉండవు, నీళ్ళు అసలుండవు. గాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు. 40 గాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్లు పైన. గిన్నెలు, దుప్పట్లు, మిక్సీ, కుక్కరు, కుర్చీలు ఎక్కాక మాది కూడా 6,200 అనుకున్నది 7,300 అయింది. మీ ట్రైలర్ మీద జీవీడబ్ల్యూఆర్ (సామానుతో సహా బండి మించకూడని మొత్తం బరువు) అని రాసి ఉన్న అంకె చూడండి, దాని మీద 13 శాతం లెక్కేసుకోండి. అంత బరువు ఎప్పుడూ కాదులే అనిపిస్తుంది. రెండో ట్రిప్పుకే అయిపోతుంది.

మాకు ఈ సంగతి తెలిసొచ్చింది కొలరాడో వెళ్తూ. డాలస్ నుంచి 287 హైవే మీద అమరిల్లో, అక్కణ్ణుంచి డ్యూమస్, డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా రేటన్. ఆ రోడ్డు మీద వెళ్ళినవాళ్ళకి తెలుసు, చెట్టూ పుట్టా ఉండవు, గాలికి అడ్డం ఏదీ లేదు. డ్యూమస్ దాటాక ఎడమ పక్క నుంచి గాలి కొడుతోంది. ఒక సెమీ, అంటే పెద్ద ట్రైలర్ లారీ, మమ్మల్ని దాటింది. ముందు దాని గాలి మమ్మల్ని పక్కకి నెట్టింది, అది దాటిపోగానే లోపలికి లాక్కుంది. ట్రైలర్ ఒకసారి ఊగింది, రెండోసారి ఇంకాస్త ఎక్కువ ఊగింది. అద్దంలో చూస్తే దాని వెనక మూల ఒకసారి ఎడమ అద్దంలో, ఒకసారి కుడి అద్దంలో కనబడుతోంది. స్టీరింగ్ చేతిలో తేలిపోయినట్టు ఉంది. వెనక సీట్లో అమ్మ "నాయనా, మెల్లగా" అని కూడా అనలేదు. నాకు ఎక్కువ భయం వేసింది అందుకే.

అలాంటప్పుడు బ్రేకు తొక్కకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, డాష్‌బోర్డ్ మీదున్న ట్రైలర్ బ్రేక్ మీటని చేత్తో మెల్లగా నొక్కాలి. ట్రైలర్ చక్రాలు మాత్రమే పట్టుకుంటాయి, తోక సర్దుకుంటుంది. ఈ మాట నేను ఎప్పుడో చదివాను కాబట్టి సరిపోయింది. దయచేసి మీ ఆవిడక్కూడా ఆ మీట ఎక్కడుందో చూపించండి.

తర్వాత కనబడ్డ ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ ఎక్కించాం. లారీలు తూచే కాటానే, మనం కూడా ఎక్కొచ్చు. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనకవి రెండో పలక మీద, ట్రైలర్‌వి మూడో పలక మీద ఉండేలా ఆపి బటన్ నొక్కితే స్పీకర్‌లో మాట్లాడతారు. చీటీలో మూడంకెలొచ్చాయి: 3,180, 4,100, 6,500. మొదటి రెండూ కలిపితే ట్రక్కు మీదున్న బరువు 7,280. ట్రక్కు జీవీడబ్ల్యూఆర్ 7,050. అంటే హిచ్ బార్లు కొంత బరువుని ట్రైలర్ చక్రాల మీదికి తోసినా, ఇంకా 230 పౌండ్లు ఎక్కువే మోస్తున్నాం. లాగే లెక్కలో మాత్రం నాలుగు వేల పౌండ్లు ఖాళీ! ఇంజన్‌కి ఏ ఇబ్బందీ లేదు, గుట్టలు బ్రహ్మాండంగా ఎక్కేది. నలిగిపోతున్నవి స్ప్రింగులు, టైర్లు, వెనక యాక్సిల్.

కొందరు వెనక స్ప్రింగుల దగ్గర గాలి సంచులు, అవే ఎయిర్ బ్యాగులు, వేసుకుంటే చాలంటారు. వెనక భాగం కుంగకుండా ఆపుతాయి, అంతే. స్టిక్కర్ మీద అంకె అవి మార్చలేవు.

ఆ ఏడాది చివర్లో త్రీ క్వార్టర్ టన్ తరగతిలో ఫోర్డ్ ఎఫ్-250, 7.3 లీటర్ గ్యాస్ వీ8, నాలుగు తలుపుల క్రూ క్యాబ్, మధ్యరకం ఎక్స్‌ఎల్‌టీ ట్రిమ్ తీసుకున్నాను. స్టిక్కర్ మీద 3,090. అదే వరసలో నిలబెట్టిన డీజిల్, ఖరీదైన ట్రిమ్, స్టిక్కర్ మీద 2,260. బలమైన ఇంజన్ కదా ఎక్కువ మోస్తుందనుకుంటాం. కానీ డీజిల్ ఇంజనే కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువు, ఆ బరువు మన వాటాలోంచే పోతుంది. మా ఆవిడకి లోపల చెక్క డిజైన్లున్న ట్రిమ్ నచ్చింది. స్టిక్కర్ చూపించాక ఏమీ అనలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తుచేస్తుంది.

గ్యాసా డీజిలా అన్నది మీరు ఏడాదికి ఎన్ని మైళ్ళు ట్రైలర్‌తో తిరుగుతారన్న దాని మీద ఉంటుంది. నేను ఏడాదికి 8,000 మైళ్ళు తిరిగితే అందులో 2,500 ట్రైలర్‌తో. గ్యాస్ ట్రక్కు ట్రైలర్‌తో గాలన్‌కి 9 మైళ్ళు, ఖాళీగా 13 ఇస్తోంది. డీజిల్‌కి 12, 17 అనుకోండి. ఏడాదికి తేడా 170 గాలన్లు. డీజిల్ ఇంజన్ ఆప్షన్‌కి పది వేల డాలర్లకి అటూ ఇటుగా ఎక్కువ పెట్టాలి, పైగా డీజిల్ గాలన్ ధర సాధారణంగా ఎక్కువే. అమ్మేటప్పుడు కొంత తిరిగొస్తుంది, కాదనను. అయినా నా వాడకానికి ఇరవై ఏళ్ళకి కూడా లెక్క తేలదు. ఇంకో మాట, మీరు వారమంతా పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చే చిన్న ట్రిప్పులే వేస్తే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఆ మసి కాలి శుభ్రపడేంత వేడెక్కదు. ఆ రిపేర్లు జేబుకి బరువు.

గ్యాస్‌కి రెండు లోట్లున్నాయి. మొదటిది ఎత్తు. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకి దాదాపు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది. రేటన్ దగ్గర కొండ దారి, రేటన్ పాస్, ఎత్తు 7,834 అడుగులు. అంటే అక్కడ నా 430 హార్స్‌పవర్ దాదాపు 330. ఎక్కేటప్పుడు గేర్లు దించుకుని 4,000 ఆర్‌పీఎం పైన కేక పెడుతుంది. మొదటిసారి ఇంజన్ పగిలిపోతుందేమో అని టెన్షన్ పడ్డాను. ఆ ఇంజన్ చేసిందే అలా తిరగడానికి. కుడి లేన్‌లో 50 మీద కూర్చుని ఎక్కేశాం, టెంపరేచర్ ముల్లు కదల్లేదు. కొలరాడోలో ఉంటూ వారం వారం కొండలెక్కేవాళ్ళయితే డీజిల్ తీసుకోమనే చెప్తాను. డాలస్‌లో ఉండేవాళ్ళకి కొండలు ఏడాదికి రెండుసార్లు.

దిగేటప్పుడు డీజిల్‌కి ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని బిగించి వేగం తగ్గించేది) ఉంటుంది, గ్యాస్‌కి ఉండదు. గ్యాస్‌లో టో హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే సెట్టింగ్) పెడితే అదే గేరు దించి ఇంజన్ మీద ఆపుతుంది. తిరుమల ఘాట్‌లో కిందికి వచ్చేటప్పుడు బస్సు డ్రైవర్ తక్కువ గేర్లో పెట్టుకుని మెల్లగా దింపుతాడే, అదే పని. పాలో డ్యూరో కాన్యన్‌లోకి దిగే రోడ్డు 10 శాతం వాలు. రెండో గేర్లో, కొంచెం చప్పుడుతో, బ్రేకులు వాసన రాకుండా దిగాం.

రెండో లోటు గురించి ఎవరూ ముందు చెప్పరు. డీజిల్ వాళ్ళు ట్రైలర్‌తో సహా లారీల పక్కకి వెళ్ళి తాపీగా పోయించుకుంటారు. మనం 50 అడుగులు దాటిన బండితో కార్ల పంపుల మధ్య దూరాలి. నా ట్యాంకు 34 గాలన్లు, 240 మైళ్ళకే బంకు వెతుక్కుంటాను. ముందు రోజు రాత్రే శాటిలైట్ మ్యాప్‌లో ఏ బంకులోంచి నేరుగా బయటికి రావచ్చో చూసి పెట్టుకుంటాను. ఒకసారి చూసుకోకుండా దూరి, వెనక నిలబడ్డ నాలుగు కార్ల వాళ్ళని బతిమాలి వెనక్కి పంపించాల్సి వచ్చింది.

కంపెనీల విషయానికొస్తే, ఈ లెక్కకి మూడూ సరిపోతాయి. ఫోర్డ్‌లో 7.3 కాకుండా 2023 నుంచి 6.8 కూడా వస్తోంది, 405 హార్స్‌పవర్, మీ ట్రైలర్‌కి అదీ చాలు. షెవీ 2500హెచ్‌డీలో 6.6 గ్యాస్ ఇంజన్ మంచిది, కానీ సెకండ్ హ్యాండ్‌లో చూస్తే 2024కి ముందువి 6 గేర్లవి, ఆ ఏడాది నుంచి 10. కొండల్లో ఆ తేడా తెలుస్తుంది. రామ్ 2500కి వెనక కాయిల్ స్ప్రింగులు, ఖాళీగా నడిపేటప్పుడు మెత్తగా ఉంటుంది. మిగతావి ఖాళీగా ఉంటే గతుకుల్లో ఎద్దుబండే. మా అమ్మకి నడుం నొప్పి, మొదటి రోజే చెప్పేసింది. ఏది తీసుకున్నా యాక్సిల్ రేషియో (వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి, ఎక్కువైతే లాగడం తేలిక) అడగండి. నాది 4.30. ఖాళీగా తిరిగేటప్పుడు గ్యాస్ కాస్త ఎక్కువ తాగినా ట్రైలర్‌తో బయల్దేరేటప్పుడు సుఖం.

శనివారం డీలర్ దగ్గరికి వెళ్తానన్నారు కదా. ముందు ఇంట్లో గరాజ్ లోతు టేపుతో కొలవండి, నా ట్రక్కు 21 అడుగులు, గరాజ్‌లో పట్టక డ్రైవ్‌వేలోనే ఉంటుంది. హెచ్‌ఓఏ (మీ కాలనీ ఇళ్ళ సంఘం) రూల్స్ కూడా చదవండి, చాలా చోట్ల ట్రైలర్ ఇంటి ముందు ఒకటి రెండు రోజులకి మించి ఉంచనివ్వరు, నెలనెలా స్టోరేజ్ అద్దె కట్టాలి. డీలర్ దగ్గర నచ్చిన ప్రతి ట్రక్కు తలుపు తెరిచి స్టిక్కర్ ఫోటో తీసుకోండి. ఆ ఫోటోలు, ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్, మీ ఇంట్లో అందరి బరువులు కింద రాయండి, కూడి చెప్తాను. మీ ఆవిడ బరువు మాత్రం ఆవిడనే అడిగి రాయండి, మీరు ఊహించి రాయకండి.