ఆ ఒక్క వాక్యం తీసెయ్యి

చంటీ,

నాతోపాటు సైన్యంలో శ్రీలంక వెళ్ళి తిరిగిరాని మన ఊరివాడి పేరున ఊళ్ళో రాయి పెట్టిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే సంతోషంతో నాకు కాసేపు మాట రాలేదు. నువ్వు పంపిన కరపత్రం చదివాక మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను, ముందు పనుల సంగతి విను.

వాడి సర్వీసు నంబరు, ర్యాంకు, పోయిన తేదీ తమిళనాడు నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లోని మద్రాసు రెజిమెంటు రికార్డు ఆఫీసు నుంచి తెప్పించు, ఎలా రాయాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడుగు. ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగ చక్రం గ్రానైట్ పలకల మీద పేర్లుంటాయి, కొలంబో పక్కన కోట్టేలో శాంతిసేన (అప్పట్లో శ్రీలంకకు మన దేశం పంపిన సైన్యం) స్మారకం ఉంది, శ్రీలంకలో పోయిన మనవాళ్ళు దాదాపు 1,200 మంది. వాడి పేరు అక్కడ ఎలా చెక్కారో కనుక్కో. మన రాయి చెక్కేముందు కాగితం మీద రాసి వాళ్ళ చెల్లెలికి చూపించు. వాళ్ళింట్లో తద్దినం తిథి ప్రకారం పెడతారు, నీ సభ తేదీ ప్రకారం, రెండూ ఒకే రోజు రావు. తిథి నాడు కూడా వెళ్ళి కాసేపు కూర్చో.

ఇక కరపత్రం. "అమ్మా అంటూ ప్రశాంతంగా కన్నుమూశాడు" అని రాశావు. నీకు ఆ మాట చెల్లెలు చెప్పి ఉంటుంది, ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకు చెప్పింది నేను. అది అబద్ధం రా.

1987 అక్టోబరులో శ్రీలంకలో జాఫ్నా పట్టణం కోసం తమిళ పులులతో పోరాడుతున్నప్పుడు వాడిది వేరే కంపెనీ, నాది వేరే. మందుపాతర పేలిందని నాకు మర్నాడే తెలిసింది. సెలవు మీద వచ్చి వాళ్ళింటికి వెళ్తే ఆమె గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని "నా బిడ్డ నన్ను తలుచుకున్నాడా?" అంది. తలుచుకున్నాడమ్మా, బాధ పడలేదమ్మా అన్నాను. ఇరవై రెండేళ్ళ వాణ్ణి, అంతకన్నా ఏం చెప్పాలో తెలియలేదు. వెళ్ళిన ప్రతిసారీ "ఇంకేమన్నాడు?" అనేది, నేను ఇంకో మాట కలిపేవాణ్ణి. తొమ్మిదేళ్ళ తర్వాత వాడి సెక్షన్‌లో పనిచేసినాయన ఊరికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. వాడు పొద్దుగూకేదాకా ప్రాణంతోనే ఉన్నాడు, కాల్పుల్లో దగ్గరికి ఎవరూ వెళ్ళలేకపోయారు.

ఆమె నన్ను తిట్టలేదు. "ముందే చెప్పి ఉంటే, ఏటా ఆ సాయంత్రం వాడికి తోడుగా మేలుకుని కూర్చునేదాన్ని కదరా" అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు నాకు.

అందుకే కోప్పడుతున్నాను, ఏమీ అనుకోకు. పేరు, తేదీ, ఊరు, జాఫ్నా, అంతవరకే రాయించు. ఎవరూ చూడని చివరి క్షణాన్ని రాతి మీదికి ఎక్కించకు. మైకు పట్టుకున్న పెద్దమనుషులకు కూడా ముందే చెప్పి ఉంచు. పుట్టినప్పటి నుంచీ మొండివాడివి, ఈ పని నీ చేతుల మీదుగా జరుగుతుందంటే నా గుండె నిండిపోయింది, అది వేరే సంగతి.

వాళ్ళమ్మ ఆ సంగతి కూతురికి చెప్పినట్టు లేదు. కరపత్రం అచ్చుకి ఇవ్వకు. ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను, ముందు నన్ను చెల్లెలి దగ్గరికి తీసుకెళ్ళు.

మీ బాబాయ్