రెండు ఇంజిన్లనూ పక్కపక్కన పెట్టి చూశారా?

పాత ట్రక్కు ఇంజిన్ పాడైంది, అదే మోడల్‌కు చెందిన వాడిన ఇంజిన్ ఒకటి దొరుకుతోంది, ఇంట్లోనే బిగించుకోవచ్చా, శని, ఆదివారాల్లో పని అయిపోతుందా అని అడిగారు. బిగించుకోవచ్చు. కానీ రెండు రోజుల్లో అవదు. మా ట్రక్కుకు నేనూ నాన్నా కలిసి బిగించడానికి 11 రోజులు పట్టింది. అందులో పాత ఇంజిన్ దించడానికి పట్టింది రెండు రోజులే. మిగతా రోజులు దేనికి పోయాయో చెబుతాను. అది ముందే తెలిసి ఉంటే మాకు వారం మిగిలేది.

అందరూ భయపడేది బరువుకు. నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ 200 కిలోలు సులువుగా దాటుతుంది, నిజమే. ఆ బరువును మోసేది క్రేను. దాని చేయి పొడవు పెంచేకొద్దీ మోయగలిగే బరువు తగ్గుతుంది కాబట్టి, ఒక్కో రంధ్రం దగ్గర రాసి ఉన్న అంకె చూసి పిన్ను పెట్టండి. గొలుసును ఇంజిన్‌కు ఉన్న కొక్కేలకే తగిలించండి. వేలాడుతున్న ఇంజిన్ కింద మనిషి సంగతి అలా ఉంచండి, చేయి కూడా పెట్టకండి. బరువు గురించి ఇంతే. మమ్మల్ని ఏడిపించింది రెండు మిల్లీమీటర్లు.

మేము తెచ్చిన ఇంజిన్ మంచిదే. కొనేముందు క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) పుల్లీ నట్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పి చూశాం, ఎక్కడా పట్టలేదు. ఆయిల్ మూత లోపల పాలలాంటి నురగ లేదు, అంటే నీళ్లు కలవలేదు. కంప్రెషన్, అంటే లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి, నాలుగు సిలిండర్లలోనూ దాదాపు సమానంగా వచ్చింది. మోడల్ సంఖ్య మా పాతదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. ఇంకేం కావాలి అనుకున్నాను.

అయిదో రోజు మధ్యాహ్నం ఇంజిన్‌ను క్రేనుతో లోపలికి దించాం. గేర్‌బాక్స్ కింద జాకీ ఉంది. నేను ముందునుంచి నెడుతున్నాను, నాన్న పుల్లీని కొద్దికొద్దిగా తిప్పుతున్నారు. గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్లు క్లచ్ ప్లేటు పళ్లలో కూర్చుని ఇంజిన్ సర్రున వెనక్కి జారింది. అక్కడే ఆగింది. ఇంజిన్‌కూ బెల్ హౌసింగ్‌కూ (క్లచ్‌ను కప్పి ఇంజిన్‌కు బిగిసే గేర్‌బాక్స్ ముందు తొడుగు) మధ్య బొటనవేలు దూరేంత సందు మిగిలింది. స్టీలు స్కేలు పెట్టి చూస్తే పైనా కిందా పక్కలా అంతటా 14 మిల్లీమీటర్లే. వంకర ఉంటే ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉండాలి. అంతటా సమానంగా ఉంది కాబట్టి ఇక కొంచెం లాగితే చాలు అనుకున్నాను. జాకీ ఎత్తాం, దించాం, ఇంజిన్‌ను ఊపాం, గేరు వేసి వెనుక షాఫ్ట్ తిప్పాం. రెండు గంటలు గడిచాయి. సందు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

చివరికి రెండు పొడుగాటి బోల్టులు తెచ్చి చెరో పక్క పెట్టి బిగించబోయాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నారు. "బోల్టు ఉన్నది కూర్చున్నదాన్ని పట్టి ఉంచడానికిరా, రానిదాన్ని లాగడానికి కాదు. చేత్తో నెడితే రావాలి. రాలేదంటే లోపల ఏదో అడ్డం ఉంది. దించెయ్" అన్నారు.

దించేశాం. ఆ మాట వినకపోయి ఉంటే బెల్ హౌసింగ్ చెవి, అంటే బోల్టు పట్టే అంచు, విరిగేది. అది అల్యూమినియం, విరిగేముందు వంగదు. చెవి విరగకపోతే షాఫ్ట్ కొన ఇంజిన్ క్రాంక్‌ను ముందుకు నెట్టి, దాన్ని అటూఇటూ కదలకుండా ఆపే థ్రస్ట్ బేరింగును తినేసేది. అప్పుడు బండి కదిలేది కూడా. కొన్నాళ్లకు ఇంజిన్ మళ్లీ పోయేది, తప్పు ఇంజిన్ అమ్మినవాడి మీదికి వెళ్లేది.

క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, క్లచ్ ప్లేటు విప్పి, లైటు వేసి క్రాంక్ వెనుక రంధ్రంలోకి చూశాం. పైలట్ బేరింగ్ అందులోనే ఉంది, శుభ్రంగా, మెరుస్తూ. గేర్‌బాక్స్ షాఫ్ట్ కొన వచ్చి కూర్చోవలసింది అందులోనే. నాన్న వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) తెచ్చి షాఫ్ట్ కొన కొలిచారు. 17 మిల్లీమీటర్లు. బేరింగ్ లోపలి రంధ్రం కొలిచారు. 15. వేలితో జిడ్డు తుడిస్తే బేరింగ్ అంచు మీద 6202 అని కనిపించింది. మూలన పడి ఉన్న పాత ఇంజిన్ దగ్గరికి వెళ్లి, డీజిల్‌లో ముంచిన గుడ్డతో తుడిచి చూస్తే దాని బేరింగ్ మీద 6003 అని ఉంది.

బేరింగ్ సంఖ్యలో చివరి రెండు అంకెలు లోపలి రంధ్రం కొలత చెబుతాయి. 02 అంటే 15 మిల్లీమీటర్లు, 03 అంటే 17. 04 నుంచి మాత్రం ఆ అంకెను అయిదుతో గుణించుకోవాలి, 04 అంటే 20, 05 అంటే 25. అయితే 6202కూ 6003కూ బయటి కొలత ఒకటే, 35 మిల్లీమీటర్లు. అందుకే రెండూ అదే రంధ్రంలో చక్కగా కూర్చుంటాయి. మేము తెచ్చిన ఇంజిన్ అంతకుముందు వేరే రకం గేర్‌బాక్స్‌తో నడిచింది. ఇంజిన్ మీద కొట్టిన సంఖ్య ఆ సంగతి చెప్పదు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఇంకొకటి ఉంది. క్లచ్ ప్లేటును నడిమధ్యకు తేవడానికి ఒక ఇనుప కడ్డీకి టేపు చుట్టుకుని వాడాను. ఆ బేరింగ్ రంధ్రానికి సరిపోయేదాకా చుట్టాను. అదే కడ్డీని పక్కనే ఉన్న షాఫ్ట్ కొనతో ఒక్కసారి పోల్చి ఉంటే చాలు, కంటికే తేడా తెలిసేది. కొలత నా చేతిలోనే ఉంది, నేను చూడలేదు.

బేరింగ్ పీకడానికి పుల్లర్ లేదు. కాగితాన్ని నీళ్లలో నానబెట్టి ముద్దచేసి, రంధ్రంలో కూరి, సరిగ్గా పట్టే కడ్డీ పెట్టి సుత్తితో కొట్టాం. కాగితం వెనక్కి చేరి బేరింగ్‌ను బయటికి తోస్తుంది. మళ్లీ కూరడం, మళ్లీ కొట్టడం. ఎనిమిదో తొమ్మిదో సారికి బయటికొచ్చింది. మరుసటి రోజు కొత్త 6003 తెచ్చి, దాని బయటి రింగు మీద మాత్రమే ఆనేలా సాకెట్ పెట్టి తట్టి కూర్చోబెట్టాం. లోపలి రింగు మీద కొడితే కొత్త బేరింగే పాడవుతుంది. ఈసారి ఇంజిన్ దించి నెడితే, నాన్న పుల్లీ పావు చుట్టు తిప్పేలోపే రెండింటినీ సరిగ్గా ఎదురెదురుగా నిలిపే డోవెల్ పిన్నుల దగ్గర టక్కుమని శబ్దం వచ్చి సందు మూసుకుపోయింది. బోల్టులన్నీ చేత్తోనే ఎక్కాయి.

అంతటితో అయిపోలేదు. మా పాత ఇంజిన్ ఆయిల్ సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోతు ముందువైపు ఉంటుంది, తెచ్చినదానికి వెనుకవైపు. అది కింద అడ్డపట్టీకి తగిలింది. ఇంజిన్ మళ్లీ పైకి. సంపు మార్చేటప్పుడు లోపల ఆయిల్ పీల్చే గొట్టాన్ని కూడా మార్చాలి, లేకపోతే ఆయిల్ ఒకచోట, గొట్టం ఇంకోచోట ఉంటాయి. ఇదంతా రెండు ఇంజిన్లనూ మొదటి రోజే నేల మీద పక్కపక్కన పెట్టి ముందునుంచి వెనక్కి చూసి ఉంటే ఒక్క పూటలో తేలేది. పాతది మూలన పారేసి కొత్తదాన్ని ముద్దుగా తుడుచుకుంటూ కూర్చున్నాం.

వాడిన ఇంజిన్లు అమ్మేవాళ్ల మీద నాకున్న కోపం కూడా చెప్పాలి. వైర్లను కనెక్టర్ దగ్గర విప్పరు, కత్తితో కోసేస్తారు. విప్పడానికి పట్టేది అర నిమిషం. కోసిన ఒక్కో వైరు ఎక్కడికి వెళ్తుందో వెతకడానికి కొన్నవాడికి ఒక సాయంత్రం పోతుంది. ఇక వీడియోలు పెట్టేవాళ్లు ఇంజిన్ దిగడం, స్టార్టవడం చూపిస్తారు. మధ్యలో నాలుగు రోజులు సందు మూసుకోక నిలబడిపోయిన సంగతి కత్తిరించేస్తారు. జనం చూడవలసింది అదే కదా!

ఇంజిన్ బయట ఉన్నప్పుడే క్రాంక్ వెనుక ఆయిల్ సీలు, క్లచ్ రిలీజ్ బేరింగ్ కొత్తవి వేసేయండి. "కారడం లేదు కదా" అనేవాళ్ల మాట వినకండి. అది కారిన రోజున గేర్‌బాక్స్ దించాల్సింది వాళ్లు కాదు. ఉష్ణోగ్రత చూపే సెన్సర్ మాత్రం మీ పాతదే తీసి బిగించండి, మీ మీటరు ముల్లుకు జోడీ అదే.

స్టార్ట్ చేసేటప్పుడు తొందరపడకండి. పాత రకం డీజిల్ అయితే పంపు మీద డీజిల్‌ను వదిలే, ఆపే సోలినాయిడ్ వైరు తీసేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ మోటారును పదేసి సెకన్లు కొట్టండి, మధ్యలో దాన్ని చల్లారనివ్వండి. తర్వాత వైరు తగిలించి, ఫిల్టర్ మీది చేతి పంపుతో బుడగలు ఆగేదాకా గాలి తీయండి. నాజిల్ నట్లు వదులు చేసినప్పుడు చేయి దూరంగా ఉంచండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. మేము మొదటిసారి సెల్ఫ్ కొట్టినప్పుడు మోటారు మూలిగింది, యాక్సిలరేటర్ కేబుల్ తొడుగు నుంచి పొగ వచ్చింది. ఇంజిన్‌నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ బిగించడం మరిచిపోయాం. మౌంటింగులు రబ్బరువి కాబట్టి కరెంటుకు వేరే దారి లేక ఆ సన్నటి కేబుల్ గుండా పోయింది. పట్టీ బిగించాక రెండో ప్రయత్నంలో ఇంజిన్ అందుకుంది.

మీరు రాసినదాన్ని బట్టి ఇంజిన్ ఇంకా కొనలేదు. అయితే ముందు పాతది దించండి. గేర్‌బాక్స్ షాఫ్ట్ కొన కొలవండి, సంపు లోతు ఎటువైపు ఉందో, మౌంటింగ్ రంధ్రాలు ఎక్కడున్నాయో ఫొటోలు తీసుకోండి. వెర్నియర్ జేబులో పెట్టుకుని అప్పుడు వెళ్లండి, అమ్మేవాడు వద్దన్నా క్లచ్ విప్పించి క్రాంక్ వెనుక బేరింగ్ లోపలి రంధ్రం కొలిచి చూడండి. కొలతలు రెండూ ఇక్కడ రాస్తే నేనూ చూసి చెబుతాను.