ఎంఎస్ తర్వాత వాస్కులర్ సర్జరీ చేసి శ్రీకాకుళం తిరిగొస్తే పని ఉంటుందా?

మీరు అడిగినవి రెండు. ఎంఎస్ జనరల్ సర్జరీ రెండో ఏడాదిలో ఉన్నాను, వాస్కులర్‌కి, అంటే రక్తనాళాల సర్జరీకి దారేంటి అన్నది ఒకటి, చదివాక మన జిల్లాకొస్తే బతకగలనా అన్నది రెండోది. రెండోదే ముందు చెప్తాను. పని గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి.

మాది సోంపేట వైపు. మా వీధిలోనే ముగ్గురు డయాలసిస్ మీద ఉన్నారు, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో ఇదేం వింత కాదని మీకూ తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, సంతోషమే, కానీ ఎన్ని మెషీన్లు పెట్టినా రక్తం మెషీన్‌లోకి వెళ్లడానికో దారి కావాలి కదా. మణికట్టు దగ్గర ధమనికి పక్కనున్న సిరని కలిపి కుడితే, ఆ సిర ఆరు వారాలో రెండు నెలలో తీసుకుని లావెక్కి, సూదులు గుచ్చడానికి పనికొస్తుంది. అదే ఫిస్టులా. అది లేనంతకాలం మెడలో పైపే గతి, పైపుతో చలిజ్వరం, ఇన్ఫెక్షన్, మళ్లీ కొత్త పైపు. ఫిస్టులా కోసం సోంపేట నుంచి విశాఖ దాకా 200 కిలోమీటర్ల పైన, అదీ డయాలసిస్ లేని రోజు చూసుకుని వెళ్లే మనిషి అవస్థ ఊహించుకోండి.

ఇక దారి. ఎంఎస్ అయ్యాక మూడేళ్ల ఎంసీహెచ్ గానీ డీఆర్‌ఎన్‌బీ గానీ చేయాలి, రెండూ సూపర్ స్పెషాలిటీ కోర్సులే. రెండింటికీ నీట్ ఎస్‌ఎస్ అనే ప్రవేశపరీక్ష ర్యాంకే, ఎయిమ్స్ లాంటి వాటికి ఐఎన్ఐ ఎస్‌ఎస్ అని వేరే పరీక్ష. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో ఈ సీటు లేదు, బయటికి వెళ్లాల్సిందే. హైదరాబాద్ నిమ్స్, మద్రాస్ మెడికల్ కాలేజీ, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర, మనవాళ్లు ఎక్కువగా చూసేవి ఇవే. సీటీవీఎస్‌తో, అంటే గుండె, ఛాతీ సర్జరీ కోర్సుతో కలిపేసుకోకండి, అందులో గుండె పనే ఎక్కువ, కాళ్ల రక్తనాళాలు మీ చేతికి తక్కువొస్తాయి.

కౌన్సెలింగ్‌లో ఆసుపత్రి పేరు చూసి మోసపోవద్దు, ఇది కాస్త గట్టిగానే చెప్తున్నాను. నా బ్యాచ్‌మేట్ ఒకడికి పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో సీటొచ్చింది, ఎక్స్‌రేలో చూస్తూ రక్తనాళాల్లోకి వైర్లు పంపే క్యాథ్ ల్యాబ్ అద్దంలా ఉండేది, మూడేళ్లూ సీసం కోటు వేసుకుని వైర్లు అందించాడు, బయటికొచ్చాక అర్ధరాత్రి కాల్లో గడ్డకట్టిన కేసొస్తే గడ్డని లాగేసే ఫోగార్టీ కాథెటర్ ఒంటరిగా దించడానికి చెయ్యి వణికిందని వాడే చెప్పాడు. కాబట్టి అక్కడ చదువుతున్న సీనియర్లకి ఫోన్ చేసి, మీ సొంత చేత్తో కుట్టిన ఫిస్టులాలెన్ని, బైపాస్‌లెన్ని, రక్తప్రవాహం చూపించే డాప్లర్ స్కాన్ మీరే చూస్తారా లేక రేడియాలజీ వాళ్ల రిపోర్టు మీదే నడుస్తుందా అని అడగండి. తిన్నగా జవాబు రాకపోతే అదే జవాబు. బెలూన్, స్టెంట్ నేర్చుకోవద్దనడం లేదు, అవి రాకుండా ఇప్పుడు షుగర్ కాలు నిలబెట్టలేం. రెండూ ఉన్నచోటికి వెళ్లండి.

డాప్లర్ మాట ఎందుకన్నానంటే నాకు తగిలిన దెబ్బ అదే. శిక్షణలో నేను మొదటిసారి ఒంటరిగా చేసిన ఫిస్టులా టేబుల్ మీద బ్రహ్మాండంగా ఉంది, వేలు పెడితే గుర్రుమంది. తెల్లారి చూస్తే చప్పుడు లేదు. మా సార్ తిట్టలేదు, ఆ సిరని పైదాకా చూశావా అని మాత్రం అడిగారు. చూడలేదు, మణికట్టు దగ్గరే చూసి బాగుందనుకున్నాను. నాలుగు అంగుళాల పైన, ఎప్పుడో సెలైన్ కోసం గుచ్చిన కాన్యులా వల్ల సిర ఎండు తాడులా మూసుకుపోయి ఉంది. అప్పట్నుంచి సిరలు ఉబ్బేలా చేతికి టోర్నికే పట్టీ కట్టి, ప్రోబ్ నేనే పట్టుకుని మోచెయ్యి దాటేదాకా చూడందే కత్తి ముట్టుకోలేదు. మీరు ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది, మీ వార్డులో కిడ్నీ పేషెంట్లకి ముంజేతి సిరల్లో కాన్యులా పెట్టనివ్వకండి, అరచేతి వెనక పెట్టించండి.

ఇక్కడికొచ్చాక కొన్ని తమాషాలుంటాయి. మన భాషలో సిరలూ నరాలే, నెర్వులూ నరాలే కాబట్టి బోర్డు చూసి నడుంనొప్పి వాళ్లంతా మీ దగ్గరికొస్తారు, కాళ్లలో సిరలు ఉబ్బినవాళ్లు న్యూరో డాక్టర్ దగ్గర కూర్చుంటారు. డబ్బుల సంగతి, ఫిస్టులాలతో మేడలు కట్టలేరు. నేను నాలుగు రోజులు విశాఖలో, రెండు రోజులు శ్రీకాకుళంలో చూస్తాను, క్యాథ్ ల్యాబ్ కేసులు అక్కడ, ఫిస్టులాలు ఇక్కడ. లూప్స్ (పెద్దగా చూపించే కళ్లద్దాలు), 7-0 ప్రోలీన్ (సన్నటి కుట్టు దారం), చేతి డాప్లర్, లోకల్ మత్తు ఉంటే మామూలు థియేటర్‌లోనే అయిపోతుంది. యాక్సిడెంట్లలో మోకాలు జారి ధమని తెగిన కేసులు మాత్రం ఏడిపిస్తాయి, ఆరు గంటల్లో రక్తం అందకపోతే కాలు దక్కడం కష్టం, మొదట చూసినచోట పాదంలో నాడి పట్టి చూసేవాళ్లుంటే సగం కాళ్లు మిగిలేవి.

రాత్రిళ్లు ఫోన్లొస్తాయి. "బావూ, చెయ్యి మూగబోయింది" అంటుందొక ముసలమ్మ, ఫిస్టులా చప్పుడు ఆగిపోయిందని అర్థం. వచ్చే డయాలసిస్ దాకా ఆగొద్దు, పొద్దున్నే బండెక్కు అంటాను, ఒకటి రెండు రోజుల్లో వస్తే చాలాసార్లు గడ్డ తీసి మళ్లీ మోగించగలం.

మీకు పీజీలో భాగంగా జిల్లా ఆసుపత్రిలో పనిచేసే మూడు నెలల డీఆర్‌పీ ఉంటుంది, మా కాలంలో లేదు. ఉద్దానం దగ్గర్లో పడేలా చూసుకుని, ఓ వారం డయాలసిస్ గదిలో కూర్చోండి, వచ్చిన ప్రతి చేతి మీదా వేళ్లు పెట్టి చూడండి. అదంతా చూశాక యూరాలజీయే నయమనిపిస్తే అందులోకే వెళ్లండి, అక్కడికీ మన ఉద్దానం వాళ్లే వస్తారు.