పేగు ఆపరేషన్ తర్వాత క్రోన్స్ మళ్లీ వస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్లు. క్రోన్స్ వ్యాధి (పేగుల్లో వాపు, పుండ్లు తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) వల్ల చిన్నపేగు చివర ఇరుకైపోయి, పక్కన చీముగడ్డ కూడా కట్టడంతో నాలుగు నెలల కిందట ఆ భాగాన్ని తీసేసి, మిగిలిన పేగును పెద్దపేగుతో కలిపారు. ఇప్పుడు నొప్పి లేదు, బరువు కూడా పెరిగాడు. రోజుకు మూడు నాలుగు సార్లు పల్చగా విరేచనం మాత్రం అవుతోంది. ‘జబ్బున్న ముక్క తీసేశారుగా, ఇంకా మందులెందుకు, కోలనోస్కోపీ ఎందుకు’ అంటున్నాడు. సిగరెట్లు మానలేదు. జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎవరికి ఎక్కువ?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: ఆపరేషన్‌తో పోయేది జబ్బు పాడుచేసిన పేగు మాత్రమే, జబ్బు స్వభావం శరీరంలోనే ఉంటుంది. అది తిరిగి వస్తే చాలావరకు పేగును కలిపిన అతుకు దగ్గరే, అందులోనూ అతుక్కి ఆనుకుని ఉన్న చిన్నపేగు వైపే మొదలవుతుంది. మలం ఆ దారిన పోకుండా పైభాగంలోనే పేగును పొట్ట బయటికి తెరిచి ఉంచిన రోగుల్లో అక్కడ పుండ్లు రాలేదనీ, పేగును తిరిగి కలిపాక వచ్చాయనీ బెల్జియం వైద్యులు 1991లోనే గమనించారు. అంటే మలం ఆ దారిన పోవడమే అక్కడ పుండ్లకు దోహదం చేస్తుందన్నమాట. కాబట్టి, ఇంకాస్త ఎక్కువ పేగు కోసి ఉంటే సరిపోయేదేమో అన్న అనుమానం పెట్టుకోకండి. జబ్బున్న చోటికి 2 సెంటీమీటర్ల అవతల కోసినా, 12 సెంటీమీటర్ల అవతల కోసినా ఫలితంలో తేడా లేదని 1996లో ఒక అధ్యయనం తేల్చింది.

మీ తమ్ముడి వాదనకు అసలు సమాధానం 1990లో బెల్జియం వైద్యుడు రూట్‌గీర్ట్స్ బృందం చూపిన లెక్కల్లో ఉంది. ఆపరేషన్ జరిగిన ఏడాదికి కెమెరా గొట్టంతో (కోలనోస్కోపీ) చూస్తే సుమారు 73 శాతం మందిలో పుండ్లు కనిపించాయి. బాధ పడుతున్నవారు మాత్రం 20 శాతమే. అవి నేటి మందులు లేని రోజుల అంకెలు, ఈనాడు యథాతథంగా వర్తించవు. అయినా నొప్పి లేకపోవడం, బరువు పెరగడం సంతోషించదగినవే తప్ప, లోపల పేగు శుభ్రంగా ఉందనడానికి సాక్ష్యం కావు.

ఇక ప్రమాదం ఎవరికి ఎక్కువ అన్న విషయానికి వస్తే, నేను మొదట అడిగేది పొగతాగడం గురించే. పొగతాగేవారిలో జబ్బు తిరగబెట్టే అవకాశం ఇంచుమించు రెట్టింపు అవుతుంది, మళ్లీ ఆపరేషన్ అవసరం కావడమూ వారిలోనే ఎక్కువ. మిగతా కారణాల్లో చాలావాటిని మనం మార్చలేం, దీన్ని మాత్రం మార్చగలం. పేగు చిల్లుపడి చీముగడ్డగానో, పేగు నుంచి పక్కకు తొలుచుకుపోయే దారి(ఫిస్టులా)గానో మారిన జబ్బు, అంతకుముందే ఒకసారి పేగు తీసి ఉండడం, మలద్వారం చుట్టూ ఫిస్టులాలు, పొడవైన భాగం (సుమారు 50 సెంటీమీటర్లకు మించి) తీయాల్సి రావడం, చిన్న వయసు కూడా ప్రమాదాన్ని పెంచేవే. తీసిన ముక్కకు చేసిన బయాప్సీ నివేదికలో పేగు నరాల దగ్గర వాపు అనో, గ్రాన్యులోమా (వాపు కణాలు గుంపుగా చేరిన చిన్న గడ్డ) అనో రాసి ఉంటే దానినీ లెక్కలోకి తీసుకుంటారు. మీరు రాసిన దాన్నిబట్టి చీముగడ్డ, సిగరెట్ రెండూ మీ తమ్ముడి విషయంలో ఉన్నాయి. ఇలాంటివారిని బాధ మొదలయ్యేదాకా చూస్తూ కూర్చోకుండా, ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లోనే రోగనిరోధక వ్యవస్థను అదుపుచేసే అజాథయోప్రిన్ గాని, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి ఇంజెక్షన్లు గాని మొదలుపెట్టడం సాధారణం. సొంతంగా మందులు ఆపడం మాత్రం సరికాదు.

పల్చటి విరేచనాలను చూసి కంగారు పడకండి, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. చిన్నపేగు చివరి భాగమే పిత్త లవణాలను తిరిగి పీల్చుకుంటుంది. ఆ భాగం లేనప్పుడు అవి పెద్దపేగులోకి దిగి నీళ్ల విరేచనాలు కలిగిస్తాయి. దానికి కోలెస్టిరమీన్ అనే పొడి మందు ఉంది. జబ్బు తిరగబెట్టి విరేచనాలు అవుతున్నాయా అన్నది తేల్చుకోవడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) పరీక్ష ఉపకరిస్తుంది. గ్రాముకు 100 మైక్రోగ్రాములు దాటితే లోపల చూడవలసిందే. ఆ చివరి భాగంలోనే బి12 విటమిన్ కూడా శరీరానికి అందుతుంది గనుక దాని మోతాదు చూపించుకోవాలి.

కోలనోస్కోపీని ఆపరేషన్ అయిన ఆరో నెలలో చేయించడం మంచిది. అప్పుడు చూసి, పుండ్లుంటే మందు పెంచిన రోగుల్లో ఏడాదిన్నర నాటికి 49 శాతం మందికి, అలా చూడనివారిలో 67 శాతం మందికి పేగులో జబ్బు కనిపించిందని 2015లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు ప్రచురించారు. మీ తమ్ముడికి ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది. తేదీ ఇప్పుడే ఖరారు చేసుకోండి. వెళ్లేటప్పుడు బయాప్సీ నివేదిక, ఆపరేషన్ నోట్సు వెంట తీసుకెళ్లండి. పేగును ఎలా కలిపారో, ఎంత పొడవు తీశారో ముందే తెలిస్తే, అతుకు మీద ఉన్న పుండ్లను, దానికి పైనున్న చిన్నపేగులోని పుండ్లను డాక్టరు విడివిడిగా లెక్కించి రాయగలుగుతారు. పై పేగులో ఐదుకు మించి ఉన్నాయంటే వైద్యం మార్చవలసి వస్తుంది.