పాప పేరుతో నకిలీ ఇన్‌స్టా ఖాతా: మధురవాడ మేడమ్ గారికి సమాధానం

మేడమ్ గారూ, తొమ్మిదో తరగతి చదివే మీ పాప పేరుతో ఎవరో ఇన్‌స్టాలో నకిలీ ఖాతా తెరిచి, అందులో వెక్కిరిస్తూ పెట్టినవాటిని క్లాసు వాట్సాప్ గ్రూపులో తిప్పుతున్నారన్నారు. ఫోను లాక్కోమంటారా అని అడిగారు. వద్దండీ. లాక్కుంటే రేపు ఇంకేం జరిగినా మీకు చెప్పదు. చాలామంది పిల్లలు నోరు విప్పనిది ఈ భయంతోనే.

ముందు సాక్ష్యం. రిపోర్టు చేశాక ఖాతా పోతే చూపించడానికి ఏమీ మిగలదు. యూజర్‌నేమ్, తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి, ప్రొఫైల్ లింకు కాపీ చేసుకోండి. వాట్సాప్‌లోవి పంపినవాళ్లు చెరిపేసేలోపే తీయాలి. అసభ్యంగా మార్ఫింగ్ చేసిన ఫొటో అయితే మాత్రం సాక్ష్యం పేరుతో కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. మైనర్ల అశ్లీల చిత్రాలు పంచడం ఐటీ చట్టం 67బి కింద నేరం. ఆ ఫోను పట్టుకుని నేరుగా నగర సైబర్ క్రైమ్ స్టేషన్‌కే వెళ్లండి.

తర్వాత ఆ నకిలీ ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి, వేరొకరిలా నటిస్తున్నారని రిపోర్టు చేయండి. పాపో మీరో చేయాలి. స్నేహితులంతా కలిసి చేసినా పెద్దగా ఉపయోగం లేదు.

సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930 ముఖ్యంగా డబ్బు మోసాలకు. మీరు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగం ఎంచుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది.

స్కూలుకు ఫోను కాదు, ప్రిన్సిపాల్ పేరిట ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అవతలి పిల్లల తల్లిదండ్రులతో మీరే గొడవకు దిగితే, సాయంత్రానికల్లా అన్నీ చెరిపేస్తారు.